నడుం మీది కావిపూత

1969 జూన్ 9, సోమవారం, ఉదయం ఏడుంపావు. అశోక్‌నగర్‌లో నేను పనిచేసిన ప్రసూతి నర్సింగ్ హోమ్ గేటు ముందు రిక్షా ఆగింది. ఇద్దరు ఆడవాళ్లు దిగారు. ఒకరు నిండు చూలాలు, రెండోవారు ఆమె అత్తగారు. సమయం ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నానంటే, అడ్మిషన్ రిజిస్టర్‌లో గంట, నిమిషం వేయడం నా అలవాటు. ఆ రిజిస్టర్ ఇప్పుడు లేదు. నా సొంత డైరీ ఉంది.

మాది పద్నాలుగు పడకల చిన్న నర్సింగ్ హోమ్. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు వచ్చేశాయి. అప్పుడు నాకు ముప్పై రెండేళ్లు. తెనాలి నుంచి వచ్చి పదకొండో ఏడు నడుస్తోంది, ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. ఆ ఏడాది ఊళ్లో ప్రత్యేక రాష్ట్రం కోసం గొడవలుగా ఉండేవి. ఏ రోజు బస్సులు నడుస్తాయో, ఏ రోజు బంద్ అవుతుందో ఎవరికీ తెలిసేది కాదు. అందుకని నెలలు నిండినవాళ్లను గడువుకు రెండు మూడు వారాల ముందే చేర్చుకోవడం మొదలుపెట్టాం. నొప్పులు వచ్చాక రిక్షా దొరక్కపోతే ఏం చేస్తారు? ఆ భయమే సుశీలను జూన్ 9న మా వార్డుకు తెచ్చింది. లెక్క ప్రకారం ఆమె గడువు జూన్ 28.

సుశీలకు ఇరవై ఒక్కటి, తొలి కాన్పు. పుట్టిల్లు వరంగల్. తల్లి రావలసింది కానీ ప్రయాణాలు నమ్మకం లేక ఆగిపోయింది. ఆమె బదులు అత్తగారు అండాళమ్మ వచ్చింది. చిక్కడపల్లిలో మూడు తరాలుగా ఉంటున్న కుటుంబం. సుశీల భర్త వెంకటేశం నారాయణగూడలో ఒక ప్రెస్సులో కంపోజిటర్. అండాళమ్మకు యాభై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి, గట్టి గొంతు. వచ్చిన అరగంటలోనే అయిదు పడకల జనరల్ వార్డులో అందరి ఊళ్లూ పేర్లూ తెలుసుకుంది. నా మాట తీరు వినగానే పట్టేసింది.

"సిస్టరమ్మా, మీ దిక్కు కుక్కను గూడ అండీ అని పిలుస్తరట గద, నిజమేనా?"

వార్డంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఆమె మాటలో విషం లేదు. అయినా ఆ రోజుల్లో ఆ రకం మాట వింటే నాలో ఏదో ఒక మూల బిగుసుకునేది. మా వీధిలో రెండు కోస్తా కుటుంబాలు అప్పటికే సామాన్లు సర్దుకుని వెళ్లిపోయాయి. ఆ బిగుసుకుపోవడమే తర్వాత ఎంత దూరం పోయిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

వార్డులో తోడు ఉండేవారిని నాలుగు ప్రశ్నలు అడిగి రాసుకోవడం మా పద్ధతి. జ్వరముందా? దగ్గుందా? విరేచనాలున్నాయా? ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోసిందా? అండాళమ్మ నాలుగింటికీ లేదంది. నాలుగూ నిజమే. రాసుకుని లోపలికి పంపాను.

ఆమె వంగి ట్రంకుపెట్టె మంచం కిందికి తోస్తున్నప్పుడు చీరకు నడుం దగ్గర ఎర్రటి మరక కనిపించింది. రక్తమేమో అనుకుని అడిగాను. సిగ్గుపడుతూ పక్కకు పిలిచి చూపించింది. ఎడమవైపు వెన్ను నుంచి బొడ్డు దాకా పట్టీ కట్టినట్టు కావి, ఎర్రమట్టి, పూసి ఉంది. ఆ పూత కింద గుంపులు గుంపులుగా నీటిపొక్కులు. సర్పి. శుక్రవారం మంట మొదలైందట, ఆదివారానికి పొక్కులు లేచాయట. దోమలగూడలో ఒక కుమ్మరి ముసలాయన ఆదివారం పొద్దున కావి అరగదీసి పూశాడట. మన దగ్గర సర్పి డాక్టరు పని కాదు, కుమ్మరి పని. పాము లాంటిది ఒంటిని చుట్టుకుంటుందని, తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందని నమ్మకం. ఆమె గట్టి గొంతు ఈ మాట దగ్గర సన్నబడింది.

"జర చూడు బిడ్డా, ఇంకెంత దూరమున్నది? కలుస్తదా ఏంది?"

భయం తీరుద్దామని టేప్ తెచ్చి కొలిచాను. పొక్కుల పట్టీ పొడవు ఎనిమిదిన్నర అంగుళాలు. ఇది ఒక నరం దారి పట్టుకునే నడుస్తుంది, ఒంటి మధ్యగీత దాటి అవతలి వైపుకు పోదు, తలా తోకా కలవడమన్నది జరగదు అని చెప్పాను. నేను చెప్పింది సరైనదే. ఆమె నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను సబ్బుతో చేతులు కడుక్కుని, టేప్‌ను స్పిరిట్‌తో తుడిచి, నా పనిలోకి వెళ్లిపోయాను.

సర్పిని ఇంగ్లీషు వైద్యంలో హెర్పిస్ జోస్టర్ అంటారని నాకు తెలుసు. ట్రైనింగ్‌లో రాసుకున్న నోట్సులో అది నరాల జబ్బుల పాఠంలో ఉంది. ఆటలమ్మ అని మేమనే చికెన్‌పాక్స్ అంటుజ్వరాల పాఠంలో ఉంది. రెంటికీ మధ్య నూట నలభై పేజీల దూరం. నా బుర్రలోనూ అంతే దూరం. పదిహేను రోజులు అండాళమ్మ కోడలి తల దువ్వింది, కాళ్లు పట్టింది, మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంది. కావి అంటిన గుడ్డలు అదే స్నానాలగదిలో ఉతుక్కుంది. రోజూ ఆమె సర్పిని నేనే చూస్తూ వచ్చాను. 17వ తేదీకి చెక్కులు కట్టింది, 21కి రాలిపోయింది. డైరీలో 'అండాళమ్మకు నయం' అని రాసి ఉంది.

జూన్ 23న సుశీలకు జ్వరం, నూట ఒకటి. 24, మంగళవారం ఉదయం ఆరుంపావుకు దుప్పటి తీస్తే ఛాతీ మీద ఏడు, వీపు మీద పదకొండు ఎర్రటి పొక్కులు. కొన్నింట్లో అప్పటికే నీరు చేరింది.

నాకు ముందు గుర్తొచ్చింది మశూచి. అప్పటికి అది మన దేశంలో ఇంకా పోలేదు. వార్డులో అయిదుగురు నిండు చూలాళ్లు. చెప్పకూడదు కానీ, నేను రెండడుగులు వెనక్కి వేశాను. తర్వాత సుశీలను వెనక గదిలోకి మార్చి, డాక్టరమ్మకు ఫోన్ చేశాను. మా డాక్టరమ్మ ఉండేది బర్కత్‌పురలో. అరగంటలో వచ్చింది. సుశీల అరచేతులు తిప్పి చూసింది, అరికాళ్లు చూసింది, పొక్కులన్నీ ఒకే ఈడువా కావా అని చూసింది. మశూచి పొక్కులు ముఖం మీద, చేతులు కాళ్ల మీద ఎక్కువగా, అన్నీ ఒకేసారి పండుతాయి, లోతుగా గట్టిగా ఉంటాయి. ఇవి ఒంటి నడిమి భాగాన ఎక్కువ. ఒకటి మచ్చ, పక్కది నీటిబొట్టు, ఇంకొకటి చితికినది. ఇలా విడతలు విడతలుగా రావడాన్ని క్రాప్స్ అంటారు. డాక్టరమ్మ ఊపిరి వదిలి, చికెన్‌పాక్స్ అంది. ఆ ఒక్క మాటకు నాకు ధైర్యం వచ్చింది. అది పట్టుమని పది నిమిషాలు కూడా నిలవలేదు.

"ఎక్కడిది సిస్టర్ ఇది? పొక్కు కనిపించడానికి రెండు వారాల ముందు సోకి ఉండాలి. అంటే పది రోజుల నుంచి మూడు వారాల లోపు. అప్పుడు ఎవరున్నారు ఇక్కడ?"

నేను రిజిస్టర్ తెచ్చాను. జూన్ 3 నుంచి 14 దాకా వార్డుకు వచ్చినవారు ముప్పై ఆరుగురు. ఒక్కొక్క పేరే చదివాను. అమ్మవారి మాట ఒక్కరి దగ్గరా లేదు. ఆ పేర్ల మధ్యలో అండాళమ్మ పేరు చదువుతూ ఆగాను. ఆమె నడుం మీద కావి పూత సంగతి చెప్పాను. అది ఈ లెక్కలోకి రాదు కదా అన్నట్టే చెప్పాను.

 డాక్టరమ్మ మందులచీటీ వెనక బొమ్మ గీసి చెప్పింది. ఆ చీటీ నా దగ్గర పదేళ్లుంది. ఆటలమ్మను తెచ్చే వైరస్సూ సర్పిని తెచ్చే వైరస్సూ రెండు కావు, ఒకటే. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గిపోతుంది కానీ వైరస్ పోదు. వెన్నుపూస పక్కన నరం మొదట్లో గాంగ్లియాన్ అనే చిన్న ముడి ఉంటుంది. అందులో దాక్కుంటుంది. ఏళ్ల తరబడి చప్పుడు చేయదు. ఒంట్లో బలం తగ్గిన రోజున లేచి, ఆ నరం వెంట నడిచి, చర్మం మీద సర్పిగా బయటపడుతుంది. ఆ పొక్కుల నీటిలో ఉన్నది అదే వైరస్. ఆటలమ్మ ఎన్నడూ పోయనివారికి అది తగిలితే వాళ్లకు సర్పి రాదు, ఆటలమ్మ వస్తుంది. ఇలా ఒకసారి ఒంట్లో చేరితే చచ్చేదాకా ఉండిపోయేవాటిని ఒక వర్గంగా చేర్చి హెర్పిస్ గ్రూప్ అంటున్నారని చెప్పింది. జ్వరం వచ్చినప్పుడు పెదవి మీద లేచే పొక్కుది కూడా ఆ వర్గమే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే వీటన్నిటికీ ఒకటే ముఖం, ఆరు మూలల పెంకు, దాని మీద వదులైన పొర. మశూచి వైరస్ వీటికేమీ కాదు. దాని ఆకారం ఇటుక.

నేను నిలబడి విన్నాను. ఆటలమ్మను చిన్నమ్మవారు, మశూచిని పెద్దమ్మవారు అని మనం అక్కాచెల్లెళ్లను చేసిన రెండింటికీ చుట్టరికమే లేదు. ఒకదాన్ని గుడికి, ఒకదాన్ని కుమ్మరింటికి పంపిన ఆటలమ్మా సర్పీ మాత్రం ఒకటే ప్రాణి.

"అసలు భయం తల్లికి కాదు, బిడ్డకు" అంది డాక్టరమ్మ.

తల్లి రక్తంలో ఈ వైరస్‌ను అణచే యాంటీబాడీలు తయారవడానికి అయిదారు రోజులు పడుతుంది. అవి మాయ దాటి బిడ్డకు అందుతాయి. వైరస్ మాత్రం అప్పటికే అంది ఉంటుంది. ఆ అయిదారు రోజులు బిడ్డ కడుపులో ఉంటే కవచంతో పుడుతుంది. ముందే బయటికొస్తే జబ్బు మాత్రం తెచ్చుకుని, కవచం లేకుండా పుడుతుంది. ఈ వేళ 24. కనీసం 30 దాటాలి. కదలకుండా పడుకోబెట్టమని చెప్పి వెళ్లింది. నేను గోడ మీది క్యాలెండర్‌లో 30 చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాను.

ఆ రెండు రోజులూ నేను సుశీల పొట్ట మీద చెయ్యి వేసి కూర్చున్నాననే చెప్పాలి. ఆమె పక్కకు తిరిగినా లేచి చూసేదాన్ని. వార్డులో మిగిలిన నలుగురినీ విచారించాను. ముగ్గురికి చిన్నప్పుడే ఆటలమ్మ పోసింది. నాలుగో ఆమెకు గుర్తులేదంటే ఇంటికి పంపి, రోజూ కబురు తెప్పించుకున్నాను. అండాళమ్మ మాత్రం అప్పటికి స్థిమితంగానే ఉంది. కోడలి ఒంటి మీదికి అమ్మవారు తల్లి వచ్చిందని వేపరెమ్మలు తెప్పించి గుమ్మానికి కట్టింది, పోపు వేసిన కూర గదిలోకి రానివ్వలేదు. ఆమెకు తెలిసిన లెక్కలో ఇది రావలసిన అతిథే, తొమ్మిదో రోజు నీళ్లు పోస్తే వెళ్లిపోతుంది.

జూన్ 26 గురువారం తెల్లవారుజామున సుశీలకు నొప్పులు మొదలయ్యాయి. ఆపే ఇంజెక్షన్ ఇచ్చాం. ఆగలేదు. పది గంటల యాభై నిమిషాలకు ఆడపిల్ల పుట్టింది. అప్పటి తూనికలో అయిదు పౌన్ల పన్నెండు ఔన్సులు. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. ఏడుపు చక్కగా ఉంది. క్యాలెండర్ మీద నా పెన్సిల్ గీతకు ఇంకా నాలుగు రోజులుంది.

చేతులు కడుక్కుంటూనే డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. ఎవరి ఒంట్లో ఆ వైరస్ ఈ మధ్యనే లేచి అణగిందో వాళ్ల రక్తంలో యాంటీబాడీలు దండిగా ఉంటాయి. అండాళమ్మ రక్తం అయిదు సీసీలు తీసి పాప తొడ కండలోకి ఎక్కిస్తే, తల్లి ఇవ్వలేకపోయిన కవచంలో కొంతైనా అందవచ్చు. ఖాయమని కాదు. కానీ ఇస్తే మూడు రోజుల లోపు ఇవ్వాలి. అంటే ఆదివారం, 29వ తేదీ, ఉదయం పది గంటల యాభైకి ముందు.

"వాళ్లకు అర్థమయ్యేటట్టు నువ్వు చెప్పు సిస్టర్. మొత్తం చెప్పు" అని బయల్దేరింది. మర్నాటి నుంచి బంద్. బర్కత్‌పుర నుంచి రావడానికి దారి లేకపోయింది.

నేను వరండాలోకి వెళ్లాను. అండాళమ్మ, వెంకటేశం, అతని స్నేహితులు ముగ్గురు ఉన్నారు. ఆ ముగ్గురిలో ఒకతను నా గొంతు వినగానే వెంకటేశాన్ని అడిగాడు, నేను బాగా వినేటట్టే:

"ఏమన్నా, ఈడ గూడ ఆంధ్రోళ్లేనా?"

వెంకటేశం అతని చెయ్యి నొక్కి ఊరుకోబెట్టాడు. అంతే జరిగింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కానీ నా నోట్లో సిద్ధంగా ఉన్న మాట ఒక్కసారిగా వేరేగా వినిపించింది. 'మీ అమ్మ నడుం మీది సర్పి నుంచే ఇది వచ్చింది.' కోస్తా నుంచి వచ్చిన నర్సు ఆ ఇంటి పెద్దావిడను వేలెత్తి చూపినట్టుంటుంది. అడుగుతారు, ఆమెను లోపలికి రానిచ్చిందెవరని. రానిచ్చింది నేను. టేప్ పెట్టి కొలిచింది నేను.

కారణం మింగేశాను. పెద్దవాళ్ల రక్తం కొంచెం ఎక్కిస్తే పాపకు బలమని మాత్రం చెప్పాను. అండాళమ్మ తల అడ్డంగా ఊపింది.

"తల్లి ఇంట్ల ఉండంగ సూది పెట్టద్దు బిడ్డా. గది అపచారం. బలం దేవుడిస్తడు. బంగారమసోంటి పిల్ల, దానికేమైంది ఇప్పుడు?"

ఆమె చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏముంది? పాప నిజంగానే బంగారంలా ఉంది. కారణం తెలియని మనిషి ఎందుకు ఒప్పుకోవాలి?

శుక్రవారం సాయంత్రం డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఇచ్చావా అని అడిగింది. ఒప్పుకోవడం లేదమ్మా అన్నాను. కారణం చెప్పావా అంది.

"చెప్పానమ్మా" అన్నాను.

నా ముప్పై ఆరేళ్ల సర్వీసులో పై అధికారికి అబద్ధం చెప్పింది ఆ ఒక్కసారే. శనివారం ఫోన్‌లోనూ అదే మాట నిలబెట్టుకున్నాను, కనుక అబద్ధాలు రెండు.

రోజూ పొద్దున ఆరుంపావుకు పాపను తూర్పు కిటికీ దగ్గరికి తెచ్చి, గుడ్డలు విప్పి, వెలుతురులో ఒళ్లంతా చూసేదాన్ని. నెత్తి, చెవుల వెనక, చంకలు, తొడల మడతలు. 27న సున్నా. 28న సున్నా. 29, ఆదివారం సున్నా. ఆ రోజు పది గంటల యాభై అయినప్పుడు నేను గడియారం కిందే నిలబడి ఉన్నాను. ముల్లు దాటింది. పాప నిద్రపోతోంది. పక్క గదిలోంచి సుశీల పిలుస్తోంది. పొక్కులు ఆరేదాకా తల్లిని, బిడ్డను విడిగా ఉంచాలని అప్పటి పద్ధతి. పాప ఏడ్చినప్పుడల్లా ఆమె గోడ మీద వేళ్లతో తట్టేది.

"సిస్టర్, ఒక్కసారి గుమ్మంల నిలబడి చూపియ్యరా? దగ్గరకు తేవద్దు, ఆడ్నే నిలబడుండ్రి."

చూపించాను. పుట్టిన రోజు నుంచీ రోజుకు రెండుసార్లు, గుమ్మంలో నిలబడి.

సోమవారం, జూన్ 30. దారి తెరుచుకుంది. డాక్టరమ్మ తొమ్మిదికి వచ్చి, నేరుగా అండాళమ్మ ఎదుట స్టూలు వేసుకుని కూర్చుంది. సర్పి సంగతి, వైరస్ సంగతి, అయిదు రోజుల సంగతి, మూడు రోజుల సంగతి ఆమె భాషలో ఆమెకు చెప్పింది. రెండు నిమిషాలు పట్టింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అండాళమ్మ వింటున్నంతసేపూ తన నడుం ఎడమవైపు చెయ్యి పెట్టుకునే ఉంది. చివరికి డాక్టరమ్మ వైపు కాదు, నా వైపు తిరిగింది.

"నాతోని వచ్చిందని నీకు ఎరికేనా?"

తల ఊపాను.

"మరి ఆనాడే చెప్పొద్దా బిడ్డా? నాతోని వచ్చింది నేనే తీసుకపోదును గద. తల్లికి దండం పెట్టుకొని, తప్పు నాది అని మొక్కుకొని, సూది పెట్టమందును గద."

చెయ్యి చాపింది. మొత్తం తీసుకొమ్మంది. అయిదు సీసీలు తీశాను. తొమ్మిదిన్నరకు పాప తొడకు ఎక్కించాను. పుట్టి తొంభై నాలుగు గంటల నలభై నిమిషాలు. గడువు డెబ్బై రెండు. ఆలస్యం ఇరవై రెండు గంటల నలభై నిమిషాలు.

 ఆ తర్వాత ఏదైనా తెలుసుకోవాలంటే డాక్టరమ్మ ఎప్పుడూ ఫోన్‌లో నన్ను అడగలేదు. తానే వచ్చి చూసుకునేది.

జూలై 1న సున్నా. 2న సున్నా. 3న సున్నా. నాకు ఆశ పుట్టింది. ఆశ పుట్టాక భయం ఇంకా పెరిగింది. కిటికీ దగ్గర గుడ్డ విప్పే ముందు కళ్లు మూసుకునేదాన్ని. 4వ తేదీ, శుక్రవారం, ఆరుంపావు. నెత్తి మీద జుట్టు మొదట్లో మూడు ఎర్రటి చుక్కలు. వేలితో మెల్లగా రుద్దాను, కావి మరకేమో అన్నట్టు. పోలేదు.

5న పందొమ్మిది. 6న లెక్కపెట్టడం మొదలుపెట్టి నూట పది దగ్గర మానేశాను. లెక్క మధ్యలో వదిలేసిన పని నా డైరీలో ఇదొక్కటే. అక్కడినుంచి పొక్కులు కాదు, ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి నలభై ఎనిమిది, అరవై నాలుగు, ఎనభై రెండు. వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగింది. బషీర్‌బాగ్ నుంచి పిల్లల డాక్టరు వచ్చి చూశాడు. ఈ స్థితిలో కదిలించవద్దన్నాడు. దీన్ని చంపే మందు అప్పటికి ఎక్కడా లేదు. ఆక్సిజన్ పెట్టాం. పాపకూ పొక్కులు వచ్చాయి కనుక తల్లి నుంచి విడదీయడానికి ఇక కారణం లేదని, 4వ తేదీ మధ్యాహ్నమే సుశీల ఒళ్లో పెట్టాను. ఆమె మొదట పాప కాళ్ల వేళ్లు ఒక్కొక్కటే ముట్టుకుని చూసుకుంది.

జూలై 8, మంగళవారం, మధ్యాహ్నం రెండూ ఇరవైకి పాప పోయింది.

 ఆ రోజు వరండాలో మాట విసిరిన స్నేహితుడే రిక్షా పిలిచి, నా చేతిలోంచి వాళ్ల సంచీ అందుకుని, "మీరు పొండి అక్కా, నేను చూసుకుంట" అన్నాడు. నేను భయపడిన మనిషి అతనే.

ఇరవై రోజుల తర్వాత అండాళమ్మ ఒక్కతే వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. గేటు దగ్గరి బల్ల మీద కూర్చుని, నేను తోడు వచ్చినవాళ్లను ప్రశ్నలు అడుగుతుంటే కాసేపు విన్నది.

"నాలుగే అడుగుతున్నవ్ ఇంకా?" అంది. "ఇంకోటి రాయి. ఒంటి మీద కావి ఉన్నదా అని అడుగు. సర్పి అంటే సిగ్గుపడి చెప్పరు. కావి ఉన్నదా అంటే చెప్తరు."

రాశాను. ఆమె ఎదుటే రాశాను. అది నాకు ఏ పుస్తకమూ చెప్పని సంగతి. జబ్బు పేరు అడిగితే మనుషులు దాస్తారు, దానికి చేసిన వైద్యం అడిగితే చెబుతారు.

ఇప్పుడు ఆ హెర్పిస్ గ్రూప్‌ను పెద్ద కుటుంబంగా విడదీశారు. మా చెల్లెలి మనవరాలి మెడికల్ పుస్తకంలో చదివాను. మనుషులకు వచ్చేవి తొమ్మిదట. ఆల్ఫా, బీటా, గామా అని మూడు ఉపకుటుంబాలు. ఆటలమ్మా సర్పీ కలిసిన మా వైరస్ ఆల్ఫాలోది, దాని అంకె మూడు. ఇప్పుడు టీకా ఉంది, మందు ఉంది, బిడ్డకు ఎక్కించే యాంటీబాడీల సూది తయారుగా దొరుకుతుంది. నాకు ఎనభై ఎనిమిదో ఏడు. 2001లో నాకూ కుడి పక్కటెముక కింద సర్పి లేచింది. ఆరేళ్లప్పుడు పోసిన ఆటలమ్మ అది. పందొమ్మిది రోజులు తలుపు వేసుకుని ఉన్నాను. చూలాలుగా ఉన్న మేనకోడలు పండ్లు తెస్తే, సిగ్గుపడకుండా, కారణం పూర్తిగా చెప్పి గేటు నుంచే పంపేశాను.

మొదటి రోజే నిజం చెప్పి, మూడు రోజుల లోపు ఆ రక్తం ఇచ్చి ఉంటే పాప బతికేదా? తెలియదు. ఎవరూ చెప్పలేరు. నాకు తెలిసింది ఒక్కటే. తెలియక జూన్ 9న చేసిన పొరపాటును అండాళమ్మ ఆ ఏడాదే నాకు మాఫీ చేసింది. తెలిసి 26న చేసినదాన్ని నేను ఇప్పటికీ మాఫీ చేసుకోలేదు. రోగి ఇంటివారికి ఎంత చేదు కారణమైనా ముందు కారణమే చెప్పాలని, చెప్పే మనిషి భయం ఆ గదిలోకి రాకూడదని నేర్చుకున్నాను. 1994లో రిటైరయ్యేదాకా అయిదో ప్రశ్న అడిగాను. కావి ఉందన్నవారు నలభై ఒక్కరు. అందరినీ గేటు దగ్గరే ఆపాను. కారణం చెప్పే ఆపాను.

పోయిన లెక్క ఇది.

ఆడపిల్ల, ఒకటి. బరువు అయిదు పౌన్ల పన్నెండు ఔన్సులు. బతికినది పన్నెండు రోజుల మూడున్నర గంటలు. తల్లి ఒళ్లో ఉన్నది నాలుగు రోజులు. గుమ్మంలోంచి తల్లికి చూపించినది పదహారు సార్లు. ఆలస్యం ఇరవై రెండు గంటల నలభై నిమిషాలు. చెప్పిన అబద్ధాలు రెండు. పేరు పెట్టలేదు.